నడిసముద్రంలో కుర్చీలాట

దాలినాయుడికి పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. అందులో చివరి పదకొండేళ్ళు భార్య టెక్కలిలో, అతను మడకశిరలో. రాష్ట్రానికి ఆ కొసన ఆమె, ఈ కొసన అతను. తవిటమ్మ అంగన్‌వాడీ టీచరు. ఆమె ఉద్యోగంలో బదిలీ అనే మాటే లేదు. అతని ఉద్యోగంలో ఆ మాట తప్ప వేరే మాట వినపడదు గాని, అది ఏనాడూ అతని దాకా రాలేదు. ఏటా దరఖాస్తు పెట్టేవాడు. ఏటా "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చేది. పరిశీలన అంటే ఏమిటో అతను చాలాకాలం ఆలోచించి కనిపెట్టాడు. ఒక కాగితం తనంతట తాను పసుపురంగులోకి తిరిగేదాకా దాన్ని చూస్తూ ఉండటం.

అతను పనిచేసే శాఖ ఏదన్నది ఇక్కడ అనవసరం. ఏ శాఖ అనుకున్నా పెద్ద తప్పేమీ లేదు.

ఆ శాఖలో బదిలీలంటే సిఫార్సు ఉత్తరాలు, ఫోన్లు, ఆ తర్వాత కోర్టు కేసులు. కొత్తగా వచ్చిన కమిషనర్ చిదానందం గారు ఈ జబ్బుకు మందు కనిపెట్టారు. ఆయన విదేశంలో ఆరురోజుల శిక్షణ పొంది వచ్చినవారు. ఆటల ద్వారా పరిపాలన అన్నది శిక్షణాంశం. ఆ ఆరురోజుల్లో ఆయనకు రెండు సత్యాలు బోధపడ్డాయి. ఒకటి, సిఫార్సు చేరాలంటే నేల ఉండాలి, లేదా సెల్ టవరు ఉండాలి. రెండు, ఆటలో ఓడిపోయినవాడు కోర్టుకు వెళ్ళడు. ఈ రెండింటినీ కలిపితే వచ్చేది ఒక్కటే జవాబు. బదిలీలు నడిసముద్రంలో జరగాలి. ఆటల ద్వారా జరగాలి.

సర్క్యులర్ వచ్చింది.

"ప్రస్తుత సంవత్సరపు సాధారణ బదిలీలను, సిఫార్సులు చేరజాలని ప్రదేశమైన సముద్రమునందు, విహారనౌకపై, పార్టీ ఆటల ద్వారా నిర్వహించుటకు ఇందుమూలముగా నిర్ణయించడమైనది. ఉద్యోగులు మూడు దినములూ విధిగా ఉల్లాసముగా ఉండవలెను. ఉల్లాసము నుండి మినహాయింపు కోరువారు సివిల్ సర్జన్ ధ్రువపత్రము జతపరచవలెను."

క్వార్టర్ల కేటాయింపు తంబోలా ద్వారా. శాఖాపరమైన విచారణలు పార్సెల్ ఆట ద్వారా. పాట ఆగినప్పుడు పొట్లం ఎవరి ఒళ్ళో ఉంటే విచారణ వారి మీద. బదిలీలు మాత్రం కుర్చీలాట ద్వారా. ముప్పై ఖాళీలకు ముప్పై కుర్చీలు, వాటి చుట్టూ ముప్పై ఒక్కమంది. పాట ఆగినప్పుడు ఏ ఊరి కుర్చీలో కూర్చుంటే ఆ ఊరికి బదిలీ. నిలబడిపోయినవాడు వచ్చే ఏడాది ఓడ బయలుదేరేదాకా నిరీక్షణ జాబితాలో ఉంటాడు.

దాలినాయుడు ఆ కాగితం నాలుగుసార్లు చదివాడు. నాలుగోసారి చదివేటప్పుడు అది అతనికి చాలా న్యాయంగా కనిపించింది. పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఏదైనా నాలుగోసారికి న్యాయంగానే కనిపిస్తుంది. కాని లోపల ఒక భయం మొదలైంది. తనను గురించి అతనికి ఒక సంగతి తెలుసు. జీవితంలో అతను ఏ సీటు దగ్గరికి ముందు చేరినా పక్కనున్నవాణ్ణి చూసి, "ముందు మీరు కూర్చోండి" అనేవాడు. బస్సులో అన్నాడు, ఆస్పత్రిలో అన్నాడు. తన పెళ్ళిలో పీటల మీద కూడా, ఎవరో ముసలాయన నిలబడి ఉన్నాడని సగం లేచాడు. ఇది మంచితనమని చాలామంది అనేవారు. మంచితనం కాదని అతనికి తెలుసు. తనకంటూ ఒక చోటు ఉంటుందన్న సంగతి అతను నమ్మలేదు, అంతే.

*

విశాఖ రేవులో ఓడవాళ్ళ నిబంధన ఒకటి బోర్డు మీద రాసి ఉంది. ప్రయాణికులు తమ వెంట పార్టీ ఆటల సామగ్రి తెచ్చుకోవచ్చు. పేకలు, బెలూన్లు, రంగు కాగితాలు వస్తాయని ఆ బోర్డు రాసినవాళ్ళు అనుకుని ఉంటారు. లారీలోంచి ముప్పై ఆఫీసు కుర్చీలు దిగాయి.

"ఇవేంటి సార్?" అంది తనిఖీ దగ్గరున్న అమ్మాయి.

"ఆటవస్తువులు," అన్నారు చిదానందం గారు.

"కుర్చీల్లా ఉన్నాయండీ."

"ఆసీనులై ఉన్నప్పుడు కుర్చీలు. తదితర సమయములందు ఆటవస్తువులు."

"మా ఓడలో బోలెడు కుర్చీలున్నాయి సార్. వాటితో ఆడుకోవచ్చు కదా."

"మీ కుర్చీలో కూర్చున్నవాడు మీ ఓడకు బదిలీ అవుతాడమ్మా. పోస్టు అనగా కుర్చీ. ఆ ఊరి పోస్టుకు ఆ ఊరి కుర్చీయే ఉండవలెను."

ఆ అమ్మాయి ఒక్కో కుర్చీనీ తనిఖీ యంత్రంలోకి తోసింది. నంద్యాల కుర్చీ మెత్తలో దళసరిగా ఏదో కనిపించింది. కుట్లు విప్పితే ఒక ఫైలు. ఆ ఫైలు తప్పిపోయిందని తొమ్మిదేళ్ళుగా ఇద్దరు గుమాస్తాలు ఇంక్రిమెంట్లు లేకుండా బతుకుతున్నారు. చిదానందం గారు దాన్ని తిప్పిచూసి, మళ్ళీ లోపల పెట్టి కుట్టించమన్నారు.

"ఫైలు తప్పిపోయినట్లు రికార్డులో ఉన్నది. ఇప్పుడు దొరికినచో రికార్డు తప్పగును."

చివర్న దిగింది టెక్కలి కుర్చీ. దాలినాయుడు వంగి దాని కాళ్ళు చూశాడు. పదకొండేళ్ళ కిందట మూడేళ్ళపాటు అతను కూర్చున్న కుర్చీ అది. వెనక కాలు ఒకటి పొట్టి. దాని కింద తవిటమ్మ పాత రబ్బరు చెప్పు ముక్క కోసి, మేకు కొట్టాడు తను. నీలం రంగు ముక్క. అది ఇంకా అలాగే ఉంది. తర్వాత వచ్చిన ఎవరికీ దాన్ని పీకేయాలని తోచలేదు. మనుషుల్ని మార్చినంత సులువుగా ఆ శాఖ మేకుల్ని మార్చదు.

"ఏందయ్యా నాయుడూ, కుర్చీని అట్టా చూస్తన్నావు, పెళ్ళిచూపుల్లో చూసినట్టు?"

వెనక ఏసుపాదం. ఉద్యోగ సంఘం నాయకుడు. తెనాలి మనిషి, తెనాలి కుర్చీ కోసం వచ్చాడు.

"ఏటీ లేదండి. కాలు కొంచెం పొట్టిది."

"పోనీలే, మనకేంది. టెక్కలి ఎవడిక్కావాలి? అందరి కళ్ళూ గాజువాక మీదున్నయ్."

*

ఓడలో నాట్యాలు చేసే హాలు ఒకటుంది. పైన గాజు గోళం, కింద నున్నటి చెక్క నేల. దాని మీద ముప్పై కుర్చీల్ని వలయంగా వేశారు. ప్రతి కుర్చీ వీపునా ఊరిపేరు చీటీ కట్టారు. చిదానందం గారు ముప్పావు గంట మాట్లాడి, "ఇక ఉల్లాసము ప్రారంభించవచ్చును" అన్నారు.

పాట మొదలుకాక ముందే గాలిలోకి కర్చీఫులు లేచాయి.

బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీట్లోకి కర్చీఫు వేసి పెరిగినవాళ్ళు వాళ్ళంతా. చెయ్యి దానంతట అదే చేసింది ఆ పని. గాజువాక కుర్చీ మీద ఏడు కర్చీఫులు, రెండు తువ్వాళ్ళు, ఒక కళ్ళజోడు పెట్టె పడ్డాయి. తెనాలి కుర్చీలో ఏసుపాదం కండువా పరుచుకుని ఉంది. "నాది రేవు దగ్గర్నుంచే వేసుంది," అని ఒకాయన ప్రమాణం చేస్తున్నాడు. "నాది ఉతికింది, అది నీది కాదు," అని ఒకావిడ పోట్లాడుతోంది.

దాలినాయుడు కూడా జేబులోంచి కర్చీఫు తీశాడు. తీసి, మడత సరిచేసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. టెక్కలి తనకంటే ఎక్కువ అవసరమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా వేయలేదు.

చిదానందం గారు అరగంట ఆలోచించి తీర్పు చెప్పారు. "కర్చీఫునకు సర్వీసు రిజిస్టరు లేదు. కావున కర్చీఫు కూర్చొనజాలదు."

"అట్టా అంటే ఎట్టా సార్?" అన్నాడు ఏసుపాదం. "ముప్పై ఏళ్ళ ఆనవాయితీ ఇది. ఆర్టీసీయే కాదనలేదు."

అభ్యంతరం నమోదైంది. మొదటి ఆట రద్దయింది.

రెండో ఆటకు అసలు చిక్కు వచ్చింది. పాట ఆపేవాడు ఎవడు? ఓడలో పాటలు వేసే మనిషి టిఫిన్ దగ్గర అనకాపల్లి ఉద్యోగితో నవ్వుతూ మాట్లాడటం పదిమంది చూశారు. కాబట్టి అతను పనికిరాడు. చివరికి సూపరింటెండెంటు మంగతాయారు గారిని ఎంపిక చేశారు. వచ్చే నెల రిటైరవుతున్నారు, శాఖలో బంధువులు లేరు, చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారు. ఆవిడ గోడవైపు తిరిగి పాడాలి, తోచినప్పుడు ఆపాలి. ఆవిడ హోదా పేరు సంగీత నిలుపుదల అధికారి.

సిఫార్సు చేరజాలని ఆ ప్రదేశంలో, మర్నాటి ఉదయానికి మంగతాయారు గారి గది ముందు పదకొండు ఫ్లాస్కులు ఉన్నాయి. మిరియాల పాలు, అల్లం కషాయం, తేనె నీళ్ళు, కలకండ. గొంతు జాగ్రత్త అమ్మా అని ఒక్కో ఫ్లాస్కుకీ ఒక్కో చీటీ. చీటీ అడుగున చిన్న అక్షరాలతో, ఏ ఊరి కుర్చీకి ఎదురుగా తాము వచ్చినప్పుడు ఆపాలో.

"నేను గోడకేసి తిరిగి పాడాలిటండీ, వీపుకి కళ్ళుంటాయా నాకు?" అని ఆవిడ ఫ్లాస్కులన్నీ ఓడ వంటవాళ్ళకిచ్చేశారు.

ఆట మొదలైంది. ముప్పై ఒక్కమంది కుర్చీల చుట్టూ నడుస్తున్నారు. ఎవరూ కుర్చీల్ని చూడటం లేదు. అందరి చూపూ మంగతాయారు గారి వీపు మీదే ఉంది. ఊపిరి తీసుకుంటే భుజాలు ఎలా లేస్తున్నాయి, రాగం ఎటు వంగుతోంది. ఇరవై ఏళ్ళుగా పై అధికారి దగ్గును బట్టి ఫైలు కదులుతుందో లేదో చెప్పగల మనుషులు వాళ్ళు. దాలినాయుడు వాళ్ళ ముఖాలు చూస్తూ నడిచాడు. నవ్వు తప్పనిసరి కాబట్టి అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల వెనక ఏముందో అతనికి బాగా తెలుసు, తనకూ ఉన్నది అదే కాబట్టి. ఇప్పుడు నా ముఖం ఎలా ఉంది? అని ఆలోచిస్తూ అతను టెక్కలి కుర్చీని రెండుసార్లు దాటిపోయాడు.

మంగతాయారు గారు దగ్గారు.

ఇరవై తొమ్మిదిమంది కూర్చున్నారు. ఆవిడ పాట కొనసాగించారు. కూర్చున్నవాళ్ళు లేవలేదు. దగ్గు పాటకు ముగింపా కాదా అన్న దాని మీద ఉపసంఘం వేశారు. "దగ్గు పాటకు అంతరాయమే గాని అంతము కాదు" అని మధ్యాహ్నానికి నివేదిక వచ్చింది. రెండో ఆట రద్దు.

"నేనేమన్నా కుళాయినటండీ, తిప్పితే ఆగడానికి?" అని మంగతాయారు గారు ఆ పూట భోజనం మానేశారు.

*

మూడో ఆట అదే రోజు సాయంత్రం నాలుగింటికి. ఇదే తుది అని చిదానందం గారు ముందే ఉత్తర్వు ఇచ్చేశారు. ఇక రద్దు ఉండదు.

దాలినాయుడు నడుస్తున్నాడు. ఈసారి అతను ఏ ముఖాన్నీ చూడలేదు. నీలం రబ్బరు ముక్కను మాత్రం చూస్తున్నాడు. మడకశిర అద్దెగది గుర్తొచ్చింది. అందులో ఒక గ్లాసు, ఒక కంచం. పదకొండేళ్ళలో రెండో గ్లాసు కొనలేదు. కొంటే అక్కడే ఉండిపోతానేమోనని భయం. టెక్కలి కుర్చీ దగ్గరకొస్తోంది. వెనక ఎవరో తోస్తున్నారు. ఎవరి అడుగో తన మడమ మీద పడింది.

పాట ఆగింది.

అతని నోటి దాకా వచ్చింది, ముందు మీరు కూర్చోండి అని. ఆ మాటను పళ్ళ మధ్య నొక్కిపట్టి, జీవితంలో మొదటిసారి, ఎవరివైపూ చూడకుండా అతను కూర్చున్నాడు. అదే క్షణంలో అదే కుర్చీలో ఇంకో మనిషి కూడా కూర్చున్నాడు.

ఏసుపాదం. తెనాలి కుర్చీలోకి ఇంకెవరో దూరితే, ఆ ఊపులో పక్కకు పడ్డాడు.

"లెగవండి ఏసుపాదం గారూ, ఇది టెక్కలండి."

"తెలుసయ్యా. లెగిస్తే నేను నిలబడ్డోణ్ణవుతా. నిరీక్షణ జాబితా. నువ్వు లెగు."

"నాను లెగనండి," అన్నాడు దాలినాయుడు. ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

మళ్ళీ ఉపసంఘం. దీని పేరు ఆసీనత నిర్ధారణ ఉపసంఘం. కూర్చోవడం అంటే ఏమిటి? శరీరంలో ఎంత భాగం? ఎంత బరువు? టేపు తెచ్చి కొలిచారు. దాలినాయుడు పదకొండు అంగుళాలు, ఏసుపాదం తొమ్మిది. కాని ఏసుపాదం లావాటి మనిషి. బరువు లెక్కన అతనిదే పైచెయ్యి. అంగుళాలా, కిలోలా అన్నది తేలే వరకు ఇద్దరూ యథాతథ స్థితిలో కొనసాగవలెనని ఆదేశం. తక్కిన ఇరవై తొమ్మిదిమంది కూడా, తమ ఉత్తర్వులు చేతికొచ్చే దాకా లేవమని భీష్మించారు. లేస్తే ఎవడైనా కూర్చుంటాడు.

రాత్రికి టిఫిను కుర్చీల దగ్గరికే వచ్చింది. ఒక పళ్ళెంలోంచి ఇద్దరూ ఉప్మా తిన్నారు.

"నాకు టెక్కలి ఎందుకయ్యా?" అన్నాడు ఏసుపాదం. "తెనాల్లో మా అమ్మకి పక్షవాతం. నేనెత్తి కూర్చోపెడితేనే కూర్చుంటది. ఇంకెవరు ముట్టుకున్నా అరుస్తది."

దాలినాయుడు చెంచా ఆపాడు. ముందు మీరు కూర్చోండి అన్న మాట మళ్ళీ గొంతులోకి వచ్చింది. కాని ఈ కుర్చీ ఇచ్చినా ఆయనకు తెనాలి రాదు. దయ చూపించడానికి కూడా వీల్లేకుండా ఆటను ఎంత తెలివిగా కల్పించారో అతనికి అప్పుడు అర్థమైంది.

"నాది కూడా అలగేనండి," అన్నాడు. "మా ఆడది టెక్కల్లో ఒక్కర్తీ ఉంటాది."

"ఎన్నేళ్ళాయె?"

"పదకొండు."

ఏసుపాదం కొంచెం జరిగాడు. దాలినాయుడి వాటా పన్నెండు అంగుళాలయింది.

*

మూడోరోజు పొద్దున పదింటికి ఓడ పెద్దగా కూసింది. ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. ప్రమాదం వస్తే ఏంచేయాలో నేర్పే కసరత్తు అది. కూత వినగానే ప్రయాణికులంతా పై అంతస్తులో పడవల దగ్గర నిలబడాలి. తక్కిన ప్రయాణికులు పరిగెత్తారు. హాల్లోంచి ఒక్కరూ కదల్లేదు.

కెప్టెన్ స్వయంగా వచ్చాడు. తెల్లబట్టలు, తెల్లగడ్డం.

"మీకు కూత వినపడలేదా?"

"వినపడినది," అన్నారు చిదానందం గారు. "అయితే సదరు ఉద్యోగులు ప్రస్తుతము ఆసీనతలో ఉన్నారు."

"ఓడ మునిగితే?"

"మునిగినచో వారు విధినిర్వహణలో ఉన్నట్లు పరిగణించబడుదురు."

కెప్టెన్ సముద్రం మీద ఎన్నో వింతలు చూసిన మనిషి కావచ్చు, అయినా కొంచెం టైము తీసుకున్నాడు. "ఇక్కడ మీ రాష్ట్రం లేదు. తీరం వదిలాక ఈ ఓడ మీద మాట నాది. అందరూ లేవండి!"

అందరూ లేచారు. కుర్చీలతో సహా లేచారు. ఎవరి కుర్చీని వాళ్ళు వెనక నుంచి రెండు చేతులా పట్టుకుని, కూర్చున్న భంగిమ చెడకుండా వంగి, మెట్లెక్కడం మొదలుపెట్టారు. దాలినాయుడు, ఏసుపాదం ఒకే కుర్చీని చెరోవైపు పట్టుకుని, పక్కవాటుగా, ఎండ్రకాయలా ఎక్కారు. "ఎడంకాలు, ఇప్పుడు కుడికాలు, అబ్బా మెల్లగయ్యా!" అంటూ ఏసుపాదం దారి పొడుగునా లెక్కచెప్పాడు.

పైన ఎండ. ప్రాణరక్షణ కోట్లు తొడుక్కున్న ప్రయాణికులు వరసల్లో నిలబడి వీళ్ళ వంక చూస్తున్నారు. దాలినాయుడు వంగినచోటి నుంచి తలెత్తి చూశాడు. రెండురోజులుగా సముద్రం మీద ఉండి, సముద్రాన్ని అతను చూడటం అదే మొదటిసారి. నీళ్ళకు అవతల సన్నటి గీతలా నేల కనిపిస్తోంది. ఉత్తరాన ఎక్కడో టెక్కలి. ఇంత నీరు, ఇంత ఖాళీ. దీని మీద ఎవరూ చీటీ కట్టలేదు. ఒక్కసారి కుర్చీ వదిలేసి నిటారుగా నిలబడాలనిపించింది. నడుం ఆ మాట వింది గాని, వేళ్ళు వినలేదు.

*

ఆటలో ఓడినవాడు కోర్టుకు వెళ్ళడన్న సత్యం రేవులో దిగిన మర్నాడే అబద్ధమైంది. కెప్టెన్ అన్న మాటనే ఏసుపాదం పిటిషన్‌లో రాయించాడు. రాష్ట్రం లేని చోట రాష్ట్ర ఉద్యోగులను రాష్ట్రం ఎలా బదిలీ చేస్తుంది? కోర్టు బదిలీలన్నీ ఆపింది. కేసు తేలేదాకా ముప్పై కుర్చీలూ వాటి వాటి ఊళ్ళలోనే ఉండాలి, వాటిలో ఎవరూ కూర్చోకూడదు, ఒక్కో కుర్చీకి ఒక్కో బాధ్యుణ్ణి పెట్టాలి అంది. కుర్చీతో చివరిగా సంబంధమున్న ఉద్యోగే బాధ్యుడు అని శాఖ అర్థం చెప్పుకుంది. ఏసుపాదం టెక్కలి కుర్చీ మీద తన ఎనిమిది అంగుళాల హక్కునూ వదులుకుంటూ కాగితం ఇచ్చాడు. కేసు చూసుకోవడానికి సంఘం తరఫున అతన్ని తెనాల్లో ఉండనిచ్చారు. పొద్దునా సాయంత్రం తల్లిని లేపి కూర్చోబెడుతున్నాడు.

కమిషనర్ గారు వచ్చే ఏడాది బదిలీల కోసం విమానం అడుగుతున్నారని వినికిడి.

దాలినాయుడు టెక్కలి వచ్చాడు. ఉత్తర్వులో అతని హోదా, వివాదాస్పద ఆసన సంరక్షకుడు. రోజూ పదింటికి ఆఫీసుకు వెళ్తాడు. కుర్చీ దుమ్ము తుడుస్తాడు. అయిదింటి దాకా దాని పక్కన నిలబడతాడు. బల్ల మీద ఫైళ్ళు పెరుగుతున్నాయి. చూసేందుకు కుర్చీలో మనిషి ఉండాలి, కుర్చీలో కూర్చోవడం కోర్టు ధిక్కారం. వాయిదా పడ్డప్పుడల్లా తెనాలి నుంచి ఏసుపాదం ఫోను చేస్తాడు. "నాయుడూ, ఆర్నెల్లు!" అంటాడు. ఇద్దరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

మొదటిరోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తవిటమ్మ పెరటివైపు వాకిట్లో బీరకాయలు తరుగుతోంది. రెండు గదుల ఇల్లు. కుర్చీ ఒక్కటే. పదకొండేళ్ళు ఒక్క మనిషే ఉన్న ఇల్లు కదా. ఆ ఒక్క కుర్చీలో ఆమె ఉంది. గ్లాసు ఒక్కటే కొనుక్కున్నది తానొక్కడే కాదని అతనికి తోచింది. ఎక్కడ ఉండాలో తెలియక వాకిట్లో అటూ ఇటూ తిరగసాగాడు. ఆమె ఏదో పిల్లల పాట, రోజూ కేంద్రంలో పాడేది కాబోలు, పనిలోపడి కూనిరాగం తీస్తోంది. అతను ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

చాకుకు తెగని ముదురు కాయను చూసుకోవడానికి తవిటమ్మ పాట ఆపింది.

దాలినాయుడు ఉన్నచోట దబ్బున కూర్చున్నాడు. తడి నేల మీద, బీరకాయ తొక్కుల్లో.

"ఓలమ్మో! ఏటయ్యింది? అలగ కూలబడిపోనావేటి?"

"ఏటీ లేదు," అన్నాడు అతను. "పాట ఆగింది."

ఆమె అతన్ని తేరిపార చూసింది. పదకొండేళ్ళలో ఈ మనిషికి ఏం చేశారో ఆ ముఖంలో వెతికింది. చాకు పక్కన పెట్టి, కుర్చీలోంచి లేచి, దాన్ని అతని వైపు జరిపింది.

"ఇందులో కూకో."

అతను కుర్చీ వైపు చూశాడు. దానికి చీటీ లేదు. నాలుగు కాళ్ళూ సమానంగానే ఉన్నాయి. లేవడానికి చెయ్యి ఆనించాడు గాని లేవలేదు. పరీక్షించి చూద్దామనో, నవ్వించుదామనో, తవిటమ్మ అతని మీంచి చూపు తిప్పకుండా, మెల్లగా మళ్ళీ కూనిరాగం అందుకుంది.

దాలినాయుడు లేచి నడవటం మొదలుపెట్టాడు.